దూరం పెట్టారా? అది నీ ఖర్మ కాదు

‘ఏ జన్మలో ఏం పాపం చేశానో, నాకు ఒక్క ఫ్రెండ్ కూడా మిగల్లేదు.’

ఈ మాట డెబ్బై ఏళ్ల పెద్దావిడ అంటే అలవాటుగా విని ఊరుకుంటాం. ఎనిమిదో తరగతి పిల్ల అంటే మాత్రం చేతిలో పని పక్కన పడేసి వినాలి. పదమూడేళ్లకే గత జన్మల లెక్కలు తీసేంత బరువు ఆ మనసు మీద ఎవరు పెట్టారు? మనమే. స్కూటర్ పంక్చరైతే ‘నా ఖర్మ’, మార్కులు తగ్గితే ‘నీ ఖర్మ’, పక్కింట్లో కష్టం వస్తే ‘చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత’. పుట్టినప్పటి నుంచి చెవిన పడుతున్న మాట ఇది. క్లాసులో అందరూ కలిసి తనను పక్కన పెట్టిన రోజున ఆ పిల్లకు కారణంగా దొరికింది కూడా ఇదే.

ఫోన్‌లో అదే మాట ఇంకోలా కనిపిస్తుంది. ‘కర్మ ఎవరినీ వదలదు’ అంటూ నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాల స్టేటస్. ఎవరి మీద పెట్టారో క్లాసంతటికీ తెలుసు. ఇక పక్కనుంచి చూస్తున్నవాళ్లు ‘వాడి ఖర్మ, మనకెందుకు’ అనుకుని పుస్తకంలో తల దూరుస్తారు. ఏడ్చేవాళ్లకీ, తిట్టుకునేవాళ్లకీ, తప్పించుకునేవాళ్లకీ ఒకే మాట పనికొస్తోందంటే ఎక్కడో తేడా ఉందని అనుమానించాలి.

అందుకే పన్నెండు, పదిహేనేళ్ల మధ్య ఉన్న నీతో సూటిగా చెబుతున్నాను. నిన్ను దూరం పెట్టడం నీకు పడ్డ శిక్ష కాదు. వాళ్లకు శిక్ష పడే రోజు కోసం కాచుకుని కూర్చోవడం నీ పనీ కాదు. రేపు ఇంటర్వెల్‌లో నువ్వు ఏం చేస్తావు, ఎవరితో మాట్లాడతావు, ఎవరిని పిలుస్తావు అన్నంతవరకే నీ చేతిలో ఉంది. దాంతోనే చాలా చేయొచ్చు.

నొప్పి నిజమే

‘ఇంత చిన్న విషయానికి ఇంత ఏడుపా?’ అని ఎవరైనా అంటే నమ్మకు. కిప్లింగ్ విలియమ్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒకరోజు తన కుక్కతో పార్కులో కూర్చుని ఉంటే ఎవరిదో ఫ్రిస్బీ వచ్చి దగ్గర పడింది. లేచి విసిరాడు. ఆడుతున్న ఇద్దరూ తిరిగి ఆయన వైపు విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి ఆ ఇద్దరూ ఆయన వైపు చూడడం మానేసి వాళ్లలో వాళ్లే ఆడుకోసాగారు. ముక్కూమొహం తెలియనివాళ్లు, మళ్లీ కనబడేవాళ్లు కూడా కాదు. అయినా ఆయనకు ప్రాణం చివుక్కుమంది.

ఆ అనుభవం నుంచే ఆయన సైబర్‌బాల్ అనే కంప్యూటర్ ఆట తయారుచేశాడు. ముగ్గురు బంతి విసురుకుంటూ ఉంటారు, కాసేపటికి నీకు బంతి రావడం ఆగిపోతుంది, అంతే ఆట. 2003లో నవోమి ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్‌లతో కలిసి ఆయన ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించాడు. స్కానర్‌లో పడుకుని ఈ ఆట ఆడినవాళ్లకు బంతి రావడం ఆగిపోగానే, ఒంటికి దెబ్బ తగిలినప్పటి బాధలో పనిచేసే మెదడు భాగాల్లో ఒకటి చురుగ్గా కదిలింది. అవతల ఆడుతున్నది మనుషులని వాళ్లు అనుకున్నారు గానీ నిజానికి అది కంప్యూటర్. తెర మీది బొమ్మ బంతి వేయకపోతేనే అంత ఉంటే, ఎల్‌కేజీ నుంచి పక్కన కూర్చున్న స్నేహితురాలు మొహం తిప్పుకుంటే ఎంత ఉండాలి?

పైగా ఈ వయసులో దూరం పెట్టడంలో కొట్టడాలు ఉండవు, టీచర్ కంటికి ఏదీ దొరకదు. లంచ్ బెల్లు కొట్టగానే బెంచీలు ఎదురెదురుగా జరుగుతాయి. బాక్సులు తెరుచుకుంటాయి, ఒకరి పులిహోర ఇంకొకరి మూతలోకి వెళ్తుంది. ఒక పిల్ల తన బాక్సు పట్టుకుని దగ్గరికొస్తుంది. ఖాళీగా ఉన్న చోట ఎవరో బ్యాగు పెడతారు. ‘ఇక్కడ వేరేవాళ్లు వస్తున్నారు’ అంటారు. ఎవరూ రారు. ఆ పిల్ల చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి వెళ్లి గంట కొట్టేదాకా అక్కడే తచ్చాడుతుంది. సాయంత్రం బాక్సు తెరిచిన అమ్మ ‘అన్నం అలాగే ఉందేం, కూర నచ్చలేదా?’ అని అడుగుతుంది.

మగపిల్లల్లో ఇది గ్రౌండులో జరుగుతుంది. టీములు పంచుకునేటప్పుడు ఒకడు చివరిదాకా మిగిలిపోతాడు. వాడితో గంటసేపు బంతులు ఏరించి, బ్యాటింగ్ వంతు వచ్చేసరికి ‘టైమైపోయిందిరా’ అంటారు. ఆటలో అరటిపండు అన్నమాట. వాట్సాప్‌లో ‘8బి’ గ్రూపు చెక్కుచెదరకుండా ఉంటుంది, కానీ అందులో ఎవరూ ఏమీ రాయరు. ఒక్కణ్ణి వదిలేసి ఇంకో గ్రూపు పెట్టుకున్నారని వాడికి చాలా రోజులకు గానీ తెలియదు. 1995లో నికీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ అనే పరిశోధకులు, స్నేహాన్నే ఆయుధం చేసుకుని గాయపరిచే ఈ తీరును బడిపిల్లల్లో కొలిచి చూపించారు. అంతకుముందు బడిలో హింస అంటే పెద్దల దృష్టి ఎక్కువగా పిడిగుద్దుల మీదే ఉండేది. ఇప్పటికీ చాలా స్కూళ్లలో అంతే.

అయితే ప్రతి దూరమూ వెలి కాదు. మన దగ్గర ఎన్నో స్కూళ్లలో పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మార్చేస్తారు. నిన్నటిదాకా ఒకే బెంచీలో కూర్చున్న ఇద్దరు వేర్వేరు అంతస్తుల్లో పడతారు. ఒకరు ఫౌండేషన్ బ్యాచ్‌లో చేరతారు, ఇంకొకరు చేరరు. అక్కడ స్నేహం పలచబడితే తప్పు ఎవరిదీ కాదు. ఒక రోజు పిలవడం మర్చిపోతే అది మరుపే. కొన్ని వారాలుగా, కొందరు కలిసి, చూసి చూడనట్టు చేస్తున్నారా? అప్పుడు అది వేరే సంగతి. ఆ తేడా నువ్వే తేల్చుకోవాలి, ఎందుకంటే మందు కూడా వేరు.

మాండవ్యుడు అడిగిన ప్రశ్న

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడనే ముని కథ ఉంది. ఆశ్రమం ముందు చేతులు పైకెత్తి మౌనవ్రతంలో ఉన్నాడాయన. దొంగలు సొమ్ముతో వచ్చి ఆ ఆశ్రమంలో దాక్కున్నారు. వెంటాడుతూ వచ్చిన రాజభటులు ‘దొంగలు ఎటు వెళ్లారు?’ అని అడిగితే మౌనంలో ఉన్న ముని బదులివ్వలేదు. వెతికితే దొంగలూ సొమ్మూ లోపలే దొరికాయి. మునికీ పాత్ర ఉందని పట్టుకెళ్లారు. రాజు శూలానికి ఎక్కించమన్నాడు. ముని చావలేదు. ఆ సంగతి తెలిసి రాజు కాళ్ల మీద పడ్డాడు గానీ శూలం మాత్రం ఊడిరాలేదు. దాన్ని కోసేశారు, లోపలి ముక్క అలాగే ఉండిపోయింది. ఆయనకు ఆణిమాండవ్యుడని పేరొచ్చింది.

మనలో ఎవరైనా అయితే ‘నా తలరాత’ అని సరిపెట్టుకునేవాళ్లం. మాండవ్యుడు సరిపెట్టుకోలేదు. నేరుగా యమధర్మరాజు కొలువుకు వెళ్లి ‘నేనేం చేశానని ఇంత శిక్ష?’ అని నిలదీశాడు. చిన్నప్పుడు నువ్వు పురుగులను గడ్డిపుల్లతో గుచ్చావు, దాని ఫలితమిది అన్నాడు ధర్మరాజు. పసితనంలో తెలియక చేసిన పనికి ఇంత శిక్షా అని ముని మండిపడ్డాడు. ధర్మరాజును భూమ్మీద మనిషిగా పుట్టమని శపించాడు. విదురుడు అలా పుట్టాడు. అంతటితో ఆగలేదు. ఇక మీదట 14 ఏళ్లు నిండనివాళ్లు చేసిన పనికి పాపం అంటదని హద్దు కూడా గీశాడు.

కర్మ లెక్కలు రాసే దేవుణ్ణే ఎదిరించి, పిల్లల పద్దును కొట్టేయించిన కథ ఇది. ఇది మన పురాణాల్లోనే ఉంది, మన తాతలు చదువుకున్న భారతంలోనే ఉంది. నాకు ఈ కథ ఎంతో ఇష్టం. బాధ పడుతున్నవాణ్ణి ‘ఏదో చేసే ఉంటావులే’ అనే లోకంలో, ‘చేసినదానికీ పడ్డదానికీ పొంతన ఏది?’ అని అడిగిన మనిషి మాండవ్యుడు. నీ మనసులో ‘నేనేదో పాపం చేశాను కాబట్టే’ అన్న మాట మెదిలినప్పుడల్లా ఈ ముని గుర్తుకు రావాలి. నీకు పద్నాలుగు నిండకపోతే ఆయన గీసిన హద్దుకు నువ్వు ఇవతలే ఉన్నావు.

మరి పద్నాలుగు నిండనివాళ్లు ఏం చేసినా చెల్లుతుందా? ఆయన కొట్టేసింది శిక్షను. పురుగుకు గుచ్చుకున్న పుల్ల గుచ్చుకున్నట్టే. ఈ సంగతి గుంపులో ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ చెప్పుకుందాం.

బుద్ధుణ్ణి కూడా ఇదే అడిగారు. శివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే అంటారు కదా, మీరేమంటారని అడిగాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. ఒంట్లో పిత్తం, వాతం, కఫం చెడడం, మారే రుతువులు, సొంత అజాగ్రత్త, ఇతరులు చేసే దాడి, ఇవన్నీ అందులో ఉన్నాయి. కర్మఫలం వాటిలో ఒకటి మాత్రమే. అన్నిటినీ దాని మీదకే నెట్టేవాళ్లు తమకు తెలిసిన హద్దు దాటి మాట్లాడుతున్నారన్నాడు. కర్మను నమ్మొద్దని నీకు చెప్పడం లేదు. మీ నాయనమ్మ నమ్మకం ఆమెను ఎన్నో కష్టాల్లో నిలబెట్టి ఉండొచ్చు. కానీ కొందరు పిల్లలు నువ్వు కూర్చోబోయే చోట బ్యాగు పెట్టడానికి కారణం ఆ పిల్లలు, ఆ బ్యాగు. దానికి గత జన్మ దాకా వెళ్లక్కర్లేదు.

చూస్తున్నవాళ్లు ఎందుకు నిన్నే తప్పుపడతారు?

క్లాసులో నలభై మంది ఉంటే దూరం పెట్టేది నలుగురైదుగురే. మిగతావాళ్లకు నీ మీద కోపం లేదు. అయినా కొన్నాళ్లకు వాళ్లు కూడా ‘తనకే యాటిట్యూడ్ ఎక్కువ’, ‘వాడూ తక్కువ వాడేం కాదు’ అనడం మొదలుపెడతారు. ఇదెలా జరుగుతుందో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ 1966లో ప్రచురించిన ఒక ప్రయోగం చూపించింది. ఒక యువతి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ తింటున్నట్టు విద్యార్థినులకు చూపించారు. నిజంగా షాక్ లేదు, నటనే. ఆమెను ఆ బాధ నుంచి తప్పించే వీలు దొరికిన చోట ఎక్కువమంది తప్పించారు. ఆమె బాధ కొనసాగుతుందని, తామేమీ చేయలేమని అనుకున్న చోట చూసినవాళ్లు ఆమెనే తక్కువ చేసి మాట్లాడసాగారు.

లోకం న్యాయంగానే నడుస్తోందన్న నమ్మకం మనిషికి కావాలి. కళ్లముందు అన్యాయం జరుగుతుంటే ఆ నమ్మకం కదులుతుంది. అడ్డుపడితే నమ్మకం నిలబడుతుంది. అడ్డుపడకపోతే, బాధపడేవాడే ఏదో చేసి ఉంటాడనుకుంటే గానీ మనసు కుదుటపడదు. ‘వాడి ఖర్మ’ అన్న మాట పుట్టేది అక్కడే.

ఈ మాట బడిలో చేసిన అన్యాయాలు చిన్నవి కావు. సతారా బడిలో చదువుకున్నప్పుడు అంబేడ్కర్ మిగతా పిల్లలకు ఎడంగా తన గోనెపట్టా మీద కూర్చున్నాడు. సాయంత్రం ఆ పట్టాను తనే ఇంటికి మోసుకెళ్లి పొద్దున మళ్లీ తెచ్చుకునేవాడు. కుళాయి ముట్టుకోకూడదు. ప్యూన్ వచ్చి తిప్పితేనే నీళ్లు, ప్యూన్ లేని రోజు దాహమే. తన జ్ఞాపకాల్లో ఆయనే రాసుకున్న సంగతి ఇది. పుట్టుకను పూర్వజన్మ ఫలంగా చెప్పే సమాజంలో చాలామందికి ఇది తప్పనిపించలేదు. 1941లో ‘గబ్బిలం’ రాసిన జాషువా, కర్మ సిద్ధాంతం చెప్పి పేదవాడి నోరు కట్టేయడాన్నే నిలదీశాడు. ఈ రోజు కూడా లంచ్ బాక్సులు పంచుకునే చోట ‘మీరేంటి?’ అని కులం ఆరా తీసే పిల్లలున్నారు, వాళ్లకు నేర్పిన ఇళ్లున్నాయి. నిన్ను దూరం పెట్టడానికి కారణం కులమో, మతమో, ఒంటి రంగో, నడకలోని లోపమో అయితే దాన్ని స్నేహితుల మధ్య గొడవగా చూడకు. సర్దుకుపోకు. ఇంట్లోవాళ్లతో కలిసి హెడ్మాస్టర్ గదికి వెళ్లాల్సిన సంగతి అది.

రేపు పొద్దున్నే ఏం చేయాలి?

గుంపు మొత్తాన్నీ ఒకేసారి అడగకు. గుంపుగా ఉన్నప్పుడు ఎవరూ నిజం చెప్పరు, నవ్వులు మాత్రం వినిపిస్తాయి. వాళ్లలో నీకు కాస్త దగ్గరైనవాళ్లను ఒంటరిగా పట్టుకో. బస్సు దిగాక, ట్యూషన్‌కి వెళ్లే దారిలో ఎక్కడైనా సరే. ‘రెండు వారాలుగా నన్ను కలుపుకోవట్లేదు. నావల్ల ఏదైనా జరిగిందా? ఉంటే చెప్పు, వింటాను.’ ఇంతకన్నా పెద్ద ఉపన్యాసం వద్దు. ఎదుటివాళ్లు చెప్పేది వినేటప్పుడు మధ్యలో అడ్డురాకు. నిజంగా నీవైపు తప్పుంటే, ఎవరి రహస్యమో బయటపెట్టి ఉంటే, ఎవరినో వెక్కిరించి ఉంటే, ఒక్కసారి స్పష్టంగా సారీ చెప్పు. ఒక్కసారి చాలు. రోజూ చెబితే దాని విలువ పోతుంది, నీ విలువ కూడా పోతుంది.

తప్పేమీ లేదా? అయితే బతిమాలకు. క్యాంటీన్‌లో పఫ్‌లు కొనిపెట్టి, వాళ్ల రికార్డులు రాసిపెట్టి స్నేహం తిరిగి తెచ్చుకోవాలని చూడకు. అలా దొరికేది స్నేహం కాదు, పని దొరుకుతుంది. పఫ్‌లు అయిపోయిన రోజున అదీ పోతుంది.

తర్వాత కళ్లు అంచుల మీద పెట్టు. క్లాసు మధ్యలో వెలుగు ఎక్కువ, అందుకే అందరం అటే చూస్తాం. లైబ్రరీ పీరియడ్‌లో ఒక్కడే కూర్చుని బొమ్మలేసే పిల్లాడు, మధ్యలో కొత్తగా చేరిన అమ్మాయి, పక్క సెక్షన్‌లో ఖోఖో ఆడేవాళ్లు, మీ వీధిలో వేరే స్కూలుకు వెళ్లేవాళ్లు ఉన్నారు. గుంపు అక్కర్లేదు, ఒక్కరు చాలు. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. ఎర్నెస్ట్ హాడ్జెస్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, తోటివాళ్ల వేధింపు పడుతున్న పిల్లల్లోనే, పరస్పరం బెస్ట్ ఫ్రెండ్ అని చెప్పుకునే ఒక్క స్నేహం ఉన్నవాళ్లకు ఆ వేధింపు వల్ల పెరిగే ఇబ్బందులు తక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కర్ణుణ్ణి గుర్తు తెచ్చుకో. కురుకుమారుల విద్యాప్రదర్శన రోజున అర్జునుడితో సమానంగా విల్లెత్తితే, కృపాచార్యుడు కులమేదని, తల్లిదండ్రులెవరని అడిగాడు. నిండు సభలో తల వంచుకున్న ఆ యువకుడికి చెయ్యందించింది దుర్యోధనుడొక్కడే. అక్కడికక్కడే అంగరాజ్యం ఇచ్చాడు, బదులుగా స్నేహం అడిగాడు. కర్ణుడు జీవితమంతా ఆ రుణం తీర్చాడు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన రోజున కూడా దుర్యోధనుడి పక్షానే నిలబడి నోరు పారేసుకున్నాడు. వెలి పడ్డ మనసు ఆకలి మీద ఉంటుంది. మొదట పిలిచినవాళ్లు సిగరెట్ ఇస్తున్నా, ఎవరినో ఏడిపించమంటున్నా, రాత్రి పూట ఆన్‌లైన్‌లో ఫోటోలు పంపమంటున్నా ‘కనీసం వీళ్లయినా పిలిచారు’ అనిపిస్తుంది. చెయ్యందించినందుకు కృతజ్ఞత చూపించు, తప్పకుండా. తప్పులో తోడు మాత్రం ఇవ్వకు.

స్టేటస్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. పెట్టకు. వాళ్ల స్టేటస్‌లు మ్యూట్ చెయ్. నీ గురించి ఎవరేం రాశారో స్క్రీన్‌షాట్లు తెచ్చిచ్చే ‘శ్రేయోభిలాషి’ని మర్యాదగా వద్దను. ‘కర్మ చూసుకుంటుంది’ అని రాసి పడుకున్నవాళ్లు పొద్దున లేవగానే చూసేది ఎవరు చూశారన్న లిస్టునే. వాళ్లకు మార్కులు తగ్గాయా, వాళ్లలో వాళ్లు గొడవ పడ్డారా అని వెతికే ప్రతి నిమిషమూ నువ్వు ఇంకా ఆ గుంపు చుట్టూనే తిరుగుతున్నావు.

అన్నం సహించకపోయినా, నిద్ర పట్టకపోయినా, స్కూలంటే పొద్దున్నే కడుపునొప్పి వస్తున్నా, బతకాలనిపించకపోయినా ఆ రోజే ఒక పెద్ద మనిషికి చెప్పు. అమ్మకో నాన్నకో చెప్పలేకపోతే పిన్నికి, మావయ్యకు, ఇష్టమైన టీచర్‌కు చెప్పు. పిల్లల కోసం 1098, మనసు బాగోనప్పుడు టెలిమానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

నువ్వు ఆ గుంపులో ఉన్నావా?

ఇది చదువుతున్నవాళ్లలో బ్యాగు పెట్టిన చెయ్యి కూడా ఒకటి ఉండొచ్చు. పెట్టిన వాళ్లను చూసి నవ్విన మొహాలు ఇంకా ఎక్కువ ఉంటాయి. మీతో కాస్త గట్టిగానే మాట్లాడతాను.

నీకు ఆ పిల్ల మీద ద్వేషం లేదని తెలుసు. భయం ఉంది. తనతో మాట్లాడితే రేపు నిన్ను కూడా తీసేస్తారని. ఆ భయం గుంపులో అందరికీ ఉంటుంది, నడిపించేవాళ్లకు కూడా. అందరూ ఒకరికొకరు భయపడుతూ ఒకరిని ఏడిపిస్తున్నారు.

టొరొంటో బడుల్లో పిల్లలు ఒకరినొకరు వేధించే సంఘటనలను వీడియో తీసి, కెనడా పరిశోధకులు 2001లో ఫలితాలు ప్రచురించారు. 88 శాతం సందర్భాల్లో పక్కన తోటి పిల్లలున్నారు. వాళ్లు కల్పించుకున్నది 19 శాతంలోనే. కానీ ఎవరో ఒకరు అడ్డుపడినప్పుడు, సగానికి పైగా, అంటే 57 శాతం సార్లు వేధింపు 10 సెకన్లలో ఆగిపోయింది. పది సెకన్లు అంటే షూ లేసు కట్టుకునేంత సేపు కూడా కాదు.

నువ్వు నాయకుణ్ణి ఎదిరించి ప్రసంగం చేయక్కర్లేదు. బ్యాగు తీసి ‘ఇక్కడ కూర్చో’ అను. ప్రాజెక్టు గ్రూపులో ఒక పేరు తక్కువైతే ‘తనని కూడా రాయండి’ అను. అందరి ముందు అనలేకపోతే సాయంత్రం మెసేజ్ చెయ్: ‘ఇవాళ జరిగింది తప్పు. రేపు నాతో కూర్చో.’ మాండవ్యుడు పిల్లల శిక్షను రద్దు చేశాడు, నిజమే. పురుగు బాధను ఎవరూ రద్దు చేయలేదు. ఏ దేవుడూ నీ లెక్క రాయకపోయినా, కుళాయి దగ్గర నిలబడి గంట కోసం ఎదురుచూసిన ఆ పిల్లకు మాత్రం ఎవరు నవ్వారో, ఎవరు తల దించుకున్నారో ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

అమ్మానాన్నలకు

మీ పిల్లలు ‘నాతో ఎవరూ మాట్లాడట్లేదు’ అన్నప్పుడు మొదట నోట వచ్చే మాటలు మూడు. ‘నువ్వేం చేశావు?’, ‘వాళ్లు పోతే పోయారు, చదువుకో’, ‘మన ఖర్మ’. మూడూ మింగేయండి. ‘ఎప్పటి నుంచి?’ అని అడిగి, పక్కన కూర్చుని, చెప్పింది పూర్తిగా వినండి. ఆ రోజు హోంవర్క్ ఆగినా ఫర్వాలేదు.

ఆవేశంతో ఆ పిల్లల ఇళ్లకు ఫోన్లు చేయకండి. తల్లుల వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి. పెద్దల యుద్ధంలో పిల్లలకు వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. క్లాస్ టీచర్‌ను విడిగా కలిసి, ఎవరినీ శిక్షించమని కోరకుండా, సీటింగ్ మార్చమని, ప్రాజెక్టు గ్రూపులు పిల్లలకు వదిలేయకుండా తనే వేయమని అడగండి. ఇది చాలాసార్లు చిన్న మార్పుతో సర్దుకునే వ్యవహారం. ఆదివారం ఆ ఒక్క కొత్త స్నేహితుణ్ణి ఇంటికి పిలిచి దోసెలు పోయండి. అది మీరు చేయగల పెద్ద సాయం. టీచర్‌తో చెప్పినా నెలల తరబడి ఏమీ మారకపోతే రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి, దానికి జవాబు అడగండి.

మీ పిల్లలే దూరం పెట్టేవాళ్లని తెలిస్తే? ‘మా అమ్మాయి అలాంటిది కాదు’ అనకండి. అలాంటి పిల్లలంటూ వేరే ఎవరూ ఉండరు.

వాళ్లే మళ్లీ పిలిస్తే

పరీక్షలు దగ్గర పడ్డాకనో, గుంపులో వాళ్లలో వాళ్లకే చెడ్డాకనో పిలుపు వస్తుంది. ‘ఏంటే, ఈ మధ్య మాతో మాట్లాడట్లేదు?’ ఏమీ జరగనట్టే.

ఆ క్షణంలో మొహం మీదే తలుపు వేయాలనిపిస్తుంది. డేవిడ్ యేగర్, కాలి ట్రెస్‌న్యూస్కీ, కరోల్ డ్వెక్ కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కొన్ని క్లాసులు తీసుకుని, మనుషులు మారగలరని, ఎవరూ పుట్టుకతో ‘చెడ్డవాళ్లు’గా ముద్ర పడి ఉండరని వివరించారు. నెల తర్వాత వాళ్లతో అదే సైబర్‌బాల్ ఆడించి, బంతి రాకుండా చేశారు. ఆ తర్వాత, బంతి వేయనివాడికి కారం సాస్ ఎంత పెడతారో మీ ఇష్టం, వాడికి కారం పడదు అన్నారు. మనుషులు మారతారని నేర్చుకున్న పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువ కారం పెట్టారు.

వాళ్లు మారి ఉండొచ్చు, నువ్వూ మారావు. వెళ్లాలా వద్దా అన్నది నీ ఇష్టం. పిలుస్తున్నది నీ కోసమా, నీ నోట్స్ కోసమా అన్నది రెండు రోజులు చూస్తే తెలిసిపోతుంది. వెళ్లాలనుకుంటే జరిగింది మర్చిపోయినట్టు నటించకు. ‘అప్పుడు నాకు చాలా బాధేసింది. ఇంకెవరికీ అలా చేయొద్దు’ అని మామూలు గొంతుతో చెప్పి వెళ్లు. ఇంకొక్క సంగతి. ఈ మధ్యలో నీ పక్కన కూర్చున్న ఆ ఒక్క స్నేహితురాలిని వదిలేసి పరుగెత్తకు. ‘వస్తాను, తను కూడా వస్తుంది’ అను. ‘తనెందుకు?’ అని అడిగారంటే, వెళ్లకు.